పందొమ్మిదవ వార్డు

అమెరికా దేశమున మిచిగాన్ సరస్సు తీరమున చికాగో నగరము కలదు. 1893వ సంవత్సరమున అచ్చట సర్వమత మహాసభ జరుగుటచేతను, ఆ సభలో సెప్టెంబరు 11వ తేదీన వివేకానందస్వామి ప్రసంగించుటచేతను ఆ నగరము పేరు తెలుగువారికి చిరపరిచితమయ్యెను. ఆ యేడే చికాగోలో గొప్ప ప్రపంచ ప్రదర్శనము కూడ జరిగెను. సరస్సు ఒడ్డున తెల్లని భవనములను బారులు బారులుగా నిర్మించి, రాత్రివేళ వానిని విద్యుద్దీపములతో అలంకరించిరి. దేశదేశములనుండి వచ్చిన జనులు దానిని చూచి శ్వేతనగరమని కొనియాడిరి. అట్లు వచ్చినవారిలో నగరమునకు పడమటి వైపుననున్న పందొమ్మిదవ వార్డును చూచినవారు మిక్కిలి తక్కువ. చూడదగినది అచ్చట ఏమియు లేదు. ముక్కు మూసికొనదగినవి మాత్రము చాల కలవు.

చికాగో పెరిగిన తీరు ఆశ్చర్యకరమైనది. 1871లో జరిగిన పెద్ద అగ్నిప్రమాదమున ఆ నగరములో చాల భాగము బూడిదయ్యెను. అయినను 1880 నాటికి అచ్చటి జనసంఖ్య అయిదు లక్షలకు చేరెను. 1890 నాటికి అది సుమారు పదునొకండు లక్షలయ్యెను. కర్మాగారములలోను రైలు మార్గములమీదను పని దొరకునని విని, ఐరోపాలోని పేద పల్లెలనుండి జనులు ఓడలెక్కి వచ్చుచుండిరి. జనులు వచ్చినంత వేగముగ మురుగు కాలువలు రాలేదు, పాఠశాలలు రాలేదు, వీధిదీపములు రాలేదు.

పందొమ్మిదవ వార్డులో సుమారు 50,000 మంది నివసించుచుండిరి. ఇటలీవారు, ఐర్లండువారు, జర్మనులు, బొహీమియావారు, రష్యా పోలండు దేశములనుండి వచ్చిన యూదులు, గ్రీకులు ఇరుగుపొరుగుగ కాపురముండిరి. ఒకరి భాష ఒకరికి తెలియదు. ఇండ్లు చాలవరకు కొయ్యతో కట్టినవి. ఒక్క కుటుంబమునకై కట్టిన యింట ఇప్పుడు పలు కుటుంబములు తలదాచుకొనుచుండెను. వందలకొలది ఇండ్లకు వీధిలోని మురుగు కాలువతో సంబంధమే లేదు. ఇండ్ల వెనుకనున్న గుఱ్ఱపుసాలల కంపు వర్ణింప శక్యము కానిది.

వీధుల ప్రక్కను పెద్ద కొయ్యపెట్టెలను కదలకుండ బిగించి యుంచిరి. అవి చెత్త వేయు పెట్టెలు. పండ్లమ్మువారు పారవేసిన కుళ్లుకాయలు, గుడ్డపీలికలను ఏరి అమ్ముకొని జీవించువారు విడిచిన మురికిగుడ్డలు, వంటయింటి ఎంగిలి, అన్నియు అందులోనే పడుచుండెను. నగరపాలక సంఘమువారితో గుత్త కుదుర్చుకొన్న గుత్తదారు బండ్లు పంపి ఆ చెత్తను ఎత్తించవలెను. బండి ఎప్పుడు వచ్చునో, ఎప్పుడు రాదో వీధిలో ఎవరికిని తెలియదు. పెట్టెలు నిండి, పొరలి, చెత్త దారిలో పరచుకొనుచుండెను. పిల్లలకు వేరొక ఆటస్థలము లేదు. నడక నేర్చిన పసివాడు మొదట ఎక్క నేర్చుకొనునది ఆ పెట్టెనే. కొంచెము పెద్దవారు వాని చాటున దాగి, అందలి కుళ్లుకాయలనే ఆయుధములుగ జేసికొని యుద్ధములాడుచుండిరి. వేసవి వచ్చినచో ఈగలు ముసరును. ఈగలతోపాటు జ్వరములును వచ్చును. నగరములోని వార్డులను మరణముల లెక్కనుబట్టి వరుస పెట్టినచో పందొమ్మిదవ వార్డు మూడవ స్థానమున నుండెను.

అచ్చటి స్త్రీలు శుచిత్వము తెలియనివారని అనుకొనుట పొరపాటు. వారిలో పెక్కుమంది పల్లెలనుండి వచ్చినవారు. పల్లెలో ఇల్లాలు తెల్లవారుజామున లేచి తన వాకిలి ఊడ్చుకొనును. తెలుగు పల్లెలలో కల్లాపి చల్లి ముగ్గు పెట్టు ఇల్లాలికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఊడ్చిన చెత్త పెంటకుప్పకు చేరును. ఎండకు ఎండి, వానకు నాని, ఎరువై పొలమునకు పోవును. పల్లెలో ఆ పద్ధతి చక్కగ సాగును. కాని, పొలమనునది కంటికి కనబడని చోట, ఒకే సందులో వేయిమంది క్రిక్కిరిసియున్న చోట, ఎవరి వాకిలి వారు ఊడ్చుకొన్నంత మాత్రమున ప్రయోజనము లేదు. ఈ ఇంటి చెత్త ఆ ఇంటి బిడ్డను చంపును. ఈ సత్యమును ఇటలీనుండి వచ్చిన తల్లికి ఆమె భాషలో నెమ్మదిగ చెప్పువారు కావలెను. చెప్పిన పిమ్మట, ఆమె తన పని తాను చేసినను బండి రానిచో, అధికారులను అడుగువారును కావలెను.

ఈ రెండు పనులను తలకెత్తుకొన్న స్త్రీ పేరు జేన్ ఆడమ్సు. ఆమె 1860లో ఇల్లినాయి రాష్ట్రమున సెడార్‌విల్ అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి మిల్లు యజమాని, రాష్ట్ర శాసనసభ్యుడు. కలిమిగల ఇంట పుట్టి, కళాశాలలో చదివి, ఐరోపా యాత్రలు చేసినను ఆమెకు తృప్తి కలుగలేదు. 1888లో లండను నగరమున పేదల పేటలో నెలకొన్న టాయిన్బీ హాలు అను సంస్థను ఆమె చూచెను. చదువుకొన్న యువకులు అచ్చట పేదల నడుమ కాపురముండి, వారితో కలసి మెలసి పనిచేయుచుండిరి. ఆ పద్ధతి ఆమెకు నచ్చెను. 1889 సెప్టెంబరులో ఆమెయు, ఆమె స్నేహితురాలగు ఎలెన్ గేట్సు స్టార్ అను నామెయు పందొమ్మిదవ వార్డులో హాల్‌స్టెడ్ వీధియందొక పాత ఇటుకల మేడలో కాపురము పెట్టిరి. హల్ అను నతడు 1856లో కట్టించిన ఇల్లగుటచే దానికి హల్ హౌసు అని పేరు. ఒక ప్రక్క సారాదుకాణము, మఱియొక ప్రక్క శవపేటికల దుకాణము. దానముచేయ వచ్చిన దొరసానులవలె గాక ఇరుగుపొరుగువారివలె బ్రతుకవలెనని వారి సంకల్పము. శిశుపాఠశాల తెఱచిరి, రాత్రి తరగతులు పెట్టిరి, స్త్రీల సంఘమొకటి ఏర్పడెను. క్రమముగ మఱికొందరు విద్యావంతులు వచ్చి అచ్చట నివసింపసాగిరి.

మొదటి మూడేండ్లు చెత్త విషయమున వారు చేసినది మంచి మాటలు చెప్పుటయే. తమ ఇంటివద్ద చెత్త కాల్చు చిన్న కొలిమి నొకటి కట్టిరి. వలస వచ్చిన వారిని పిలిచి ఉపన్యాసములిప్పించిరి. నగరపాలక కార్యాలయమునకు ఎన్నియో మారులు ఫిర్యాదులు పంపిరి. కొంచెము మేలు కలిగెనేమో కాని కంపు తగ్గలేదు. అటుపిమ్మట వచ్చిన వేసవిలో జేన్ ఆడమ్సు సంరక్షణలోనున్న ఆమె మేనల్లుడు, సుకుమారుడగు బాలుడు, ఆ దుర్గంధమున తన యింట నుండజాలడని ఆమెకు తోచెను. వానిని పట్టణము వెలుపల బడికి పంపవలసి వచ్చునేమో యని ఆమె కలతచెందెను. ఆ కలతలోనే మఱియొక ఆలోచనయు ఆమెకు తట్టెను. తన మేనల్లుని పంపుటకు వేరొక చోటు కలదు. ఆ సందులలోని పసివారికి శ్మశానము తప్ప వేరొక చోటు లేదు. వారికొఱకు తానింతకు మున్నే ఏల పూనుకొనలేదని ఆమె సిగ్గుపడెను. ఆ సిగ్గును దాచుకొనక తన గ్రంథమున వ్రాసెను.

ఇక ఉపన్యాసములు చాలవని నిశ్చయించిరి. చెత్తకును మరణములకును గల సంబంధమును లెక్కలతో నిరూపింపవలెను. ఇతర వార్డులలో బండ్లు ఎట్లు తిరుగుచున్నవి? ఎచ్చట చెత్త పేరుకొన్నదో అచ్చట మరణములు ఎక్కువగ నున్నవా? ఈ ప్రశ్నలకు సమాధానము కావలెనన్నచో సందు సందున తిరిగి, ప్రతి పెట్టెను చూచి, వ్రాసికొనవలెను. అందుకు స్త్రీల సంఘమునుండి పండ్రెండుగురు ముందుకు వచ్చిరి. వారు ఐర్లండునుండి వచ్చిన కుటుంబముల స్త్రీలు. వారు తీరికగల ఇల్లాండ్రు కారు. పగలెల్ల బట్టలుతికి, ఇస్త్రీ చేసి, సాయంకాలము పొయ్యివద్ద నిలిచి వంటచేసి, పిల్లలకు పెట్టి, అప్పుడు బయలుదేరుచుండిరి. వేసవి రాత్రి ఇంటి మెట్లమీద కూర్చుండి చల్లగాలి పీల్చుకొనవలసిన వేళ, వారానికి మూడు రాత్రులు ఆ కుళ్లు సందులలో తిరిగిరి. చీకటి, కంపు అటుండ, ఇరుగుపొరుగువారితో తగవు వేరొకటి. నీ పెట్టె ఏల నిండియున్నదని అడిగినచో ఎవరికి కోపము రాదు? ఎదురింటి ఆమెతో మాట పట్టింపు వచ్చినచో ఆ పట్టింపు ఏండ్ల తరబడి నిలుచును. ఈ సంగతి ఎరిగియు వారు వెనుదీయలేదు.

ఆగస్టు, సెప్టెంబరు నెలలలో వారును హల్ హౌసు నివాసులును కలిసి ఆరోగ్యశాఖకు పంపిన ఫిర్యాదుల సంఖ్య 1,037. ఒక్కటియు గాలి కబురు కాదు. ప్రతిదానిని కన్నులార చూచి, సరిచూచుకొని వ్రాసినవే. సంతకములు పెట్టిన పెద్ద అర్జీ ఒక్కటి పంపినచో దానిని బల్లసొరుగులో పడవేయుట సులభము. ఏ వీధిలో ఏ యింటివద్ద ఏ శాసనము భంగమైనదో విడివిడిగా తెలుపు కాగితములు వేయికి పైగా వచ్చినప్పుడు అధికారికి ఆ సౌలభ్యముండదు. ఒకరి తరువాత నొకరుగ ముగ్గురు ఇన్‌స్పెక్టర్లను ఆ వార్డునుండి తొలగించిరి. అయినను చలికాలము గడచునప్పటికి మరణముల లెక్క తగ్గలేదు. వీధులు మునుపటివలెనే యుండెను.

ఈ వైఫల్యమునకు కారణము లేకపోలేదు. వార్డులో చెత్త ఇన్‌స్పెక్టరు ఉద్యోగమునకు సంవత్సరమునకు వేయి డాలర్ల జీతము. అది అర్హతనుబట్టి ఇచ్చునది కాక, ఎన్నికలలో తోడ్పడిన వానికి కానుకగ ఇచ్చునదై యుండెను. అట్టివాడు చెత్తబండిని చూడడు. తనకు ఉద్యోగమిప్పించిన వాని ముఖమును చూచును. అతడు చూడనంత కాలము గుత్తదారు తక్కువ బండ్లు తిప్పి ఎక్కువ లాభము పొందును.

1895 వసంతమున చెత్త ఎత్తు గుత్తలకు నగరపాలకులు టెండర్లు పిలిచిరి. ఇద్దరు పేరుగల వర్తకుల పూచీతో జేన్ ఆడమ్సు పందొమ్మిదవ వార్డు గుత్తకు తానే టెండరు వేసెను. చదువుకొన్న కులీన స్త్రీ చెత్త గుత్తకు పోటీచేయుట ఆ నగరమున కనివిని యెరుగని విషయము. ఏదియో చిన్న సాంకేతిక లోపము చూపి ఆమె టెండరును త్రోసివేసిరి. కాని వార్త నగరమంతట ప్రాకెను. తుదకు మేయరు ఆమెను ఆ వార్డునకు చెత్త ఇన్‌స్పెక్టరుగ నియమించెను. వేయి డాలర్ల ఉద్యోగము తమ చేతినుండి జారిపోయినందుకు రాజకీయ నాయకులు గగ్గోలు పెట్టిరి.

ఆ ఉద్యోగమును ఆమె అలంకారముగ నుంచుకొనలేదు. ఉదయము ఆరు గంటలకు లేచి, పనివారు వేళకు వచ్చిరా లేదా యని చూచును. నిండిన బండ్ల వెంట తన చిన్న గుఱ్ఱపుబండిలో కుప్పలు పోయు చోటువరకు పోవును. బండినుండి దారిలో చెత్త జారుచున్నచో నిలిపి ఎత్తించును. ఇదివరకటి ఇన్‌స్పెక్టరు ఏడు బండ్లతో సరిపెట్టుకొనెనని గుత్తదారు చెప్పెను. ఆమె తొమ్మిది బండ్లను పదమూడు చేయించెను. పదమూడింటిని పదునేడు చేయించెను. ప్రతి బండికిని నష్టమే వచ్చుచున్నదని అతడు మొరపెట్టుకొనెను. ఆమె వినలేదు. సరియైన చెత్తపెట్టెలు పెట్టని ఇంటి యజమానులను న్యాయస్థానమునకు ఈడ్చెను. తన గుఱ్ఱపుసాలలోని పెంటను చెత్తబండిలో పోసి పంప యత్నించిన వానిని పట్టించెను. వీధిలోని చెత్తను అక్కడికక్కడే కాల్చుటకు ఆరు కొలిములు పెట్టించెను. ఖాళీ రేకు డబ్బాలను కరగించి వాడుకొను కర్మాగారము నగరమున ఒక్కటే యుండెను. దానికి అవసరమైన దానికి పదింతల డబ్బాలను పంపి వారిని ఉక్కిరిబిక్కిరి చేసిరి. ఈ ప్రయత్నములన్నియు ఫలించెనని చెప్పరాదు.

చచ్చిన జంతువుల విషయమున వింత మోసమొకటి బయటపడెను. వీధిలో గుఱ్ఱమో కుక్కయో చచ్చినచో ఎత్తివేయుటకు నగరపాలకులు వేరొక గుత్తదారునకు ధారాళముగ డబ్బిచ్చుచుండిరి. కాని పనిచేయుచున్నది అతడు కాదు, పోలీసుబండ్లు. ఆ బండ్లు కళేబరములను రైలు పెట్టెలలోనికెక్కించును. అచ్చటినుండి అవి ఇండియానా రాష్ట్రములోని సబ్బుల కర్మాగారమునకు పోయి మంచి వెలకు అమ్ముడుపోవును. ఆ కర్మాగారమున అందరికంటె పెద్ద వాటాదారు ఆ గుత్తదారే! చేయని పనికి కూలి ఒకవంక, ఇతరులు చేసిన పనికి లాభము మఱియొకవంక.

ఇరుకువీధి నొకదానిని శుభ్రము చేయించుచుండగా చెత్తక్రింద పదునెనిమిది అంగుళముల లోతున గట్టి రాతి బాట బయటపడెను. అట్టి బాట ఒకటి కలదని ఆ వీధివారికే తెలియదు. పిదప వెదకి చూడగా నగరపాలకుల దస్తరములలో దాని వివరము దొరికెను. పూర్వమెప్పుడో ప్రజలు పన్నులిచ్చి వేయించుకొన్న బాటను ప్రజల చెత్తయే పూడ్చివేసెనన్నమాట. అచ్చటి ఇటలీవారు వచ్చి చూచిరి గాని పెద్దగ ఆశ్చర్యపడలేదు. వారి దేశమున పూడిపోయిన పట్టణములనే త్రవ్వి తీయుదురు గదా! మొదటి ఎనిమిది అంగుళముల చెత్తను తాను తీయించితిననియు, మిగిలినది తీసి బాటను బాగుచేయుట వీధుల అధికారి పనియనియు జేన్ ఆడమ్సు వాదించెను. అతడు కాదనెను. తగవు మేయరువద్దకు పోయెను. ఆమె మేయరును తన బండిలో నెక్కించుకొని ఆ వీధి మొదటికి తీసికొనిపోయి చూపెను. మేయరు ఆమె పక్షముననే తీర్పు చెప్పెను.

ఆమెకు సహాయకురాలుగ అమాండా జాన్సను అను విద్యావతి వచ్చెను. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున చదివిన ఆమె పిమ్మట ఆ బాధ్యతను తానే వహించి, మూడేండ్లు శ్రద్ధతో నిర్వహించెను. 1895లోనే ఇల్లినాయి శాసనసభ ఉద్యోగములను పరీక్షలనుబట్టి ఇచ్చుటకు వీలు కలిగించు చట్టమును చేసినందున ఆమె ఉద్యోగమునకు కొంత రక్షణ లభించెను. వార్డులోని స్త్రీలు పెక్కుమంది మొదట నొచ్చుకొనిరి. ఆడుది చెత్తబండ్ల వెంట తిరుగుటయా? రోగికి సేవచేయుట స్త్రీకి తగిన పనియైనచో, ఆ రోగము రాకుండ సందులను శుభ్రము చేయించుటయు తగినదే యని వారికి నచ్చజెప్పుటకు చాల కాలము పట్టెను.

ఒకనాడు స్త్రీల సంఘపు సమావేశమున ఒక వార్త చదివిరి. మరణముల లెక్కలో మూడవ స్థానముననుండిన పందొమ్మిదవ వార్డు ఏడవ స్థానమునకు దిగెను. సభలోనివారందరు చప్పట్లు చఱచిరి. ఇతర కారణములును తోడ్పడి యుండవచ్చును. కాని ఆ గదిలో కూర్చుండినవారిలో కొందరు వేసవి రాత్రులు ఆ సందులలో నడచినవారు. ఆ చప్పట్లలో వారి కాళ్లనొప్పులును కలవు.

వీధులు బాగుపడుట అందరికిని సంతోషము కలిగించెనని తలంపరాదు. ఆ వార్డునుండి నగరసభకు ఎన్నికయిన జాన్ పవర్సు అను నతడు మహాబలవంతుడు. పేదవాని ఇంట చావు కలిగినచో ఖర్చు తానిచ్చును. పండుగనాడు కోళ్లు పంచిపెట్టును. జైలులో పడినవానిని విడిపించును. వార్డులో వోటర్లలో అయిదుగురికొకరు అతని దయచే దొరికిన ఉద్యోగమున నున్నవారని జేన్ ఆడమ్సు వ్రాసెను. అట్టి వానిని ఓడించుటకు 1896లోను 1898లోను హల్ హౌసువారు ప్రయత్నించి విఫలులైరి. చనిపోయిన బిడ్డకు శవపేటిక కొనియిచ్చిన వానిని ఆ తల్లి మఱచునా? ఆ బిడ్డ ఏ మురికివలన చనిపోయెనో, ఆ మురికికి ఎవరు బాధ్యులో ఆమెకు ఎవరు చెప్పిరి? ఆ నాయకుని బలమంతయు ఈ రెండు ప్రశ్నల నడుమ నుండెను. జేన్ ఆడమ్సు అతనిని వట్టి దుర్మార్గుడని తిట్టి ఊరకొనలేదు. ప్రజలు అతనిని ఏల ప్రేమించుచున్నారో అర్థము చేసికొన యత్నించి, ఆ విషయమై 1898లో ఒక వ్యాసము వ్రాసెను.

అతడు అంతకంటె ఉపాయశాలి. చెత్త ఇన్‌స్పెక్టరును తొలగించుట చట్టముచే సాధ్యము కానందున ఆ ఉద్యోగమునే తీసివేయించెను. చెత్త ఎత్తుట, వీధులు ఊడ్చుట, మరమ్మతులు చేయుట అన్నియు కలిపి ఒక్క అధికారి క్రింద నుంచవలెనని నగరసభలో తీర్మానము పెట్టించెను. ఆ ఉద్యోగమునకును పరీక్ష కలదు. కాని పరీక్షకు పురుషులే అర్హులు. పందొమ్మిదవ వార్డు ఇన్‌స్పెక్టరు ఇంటికి పోయెను.

కొన్ని పనులు ఇంతకంటె సులభముగ నెరవేరెను. హల్ హౌసు వెనుక కట్టిన స్నానపు గదులను ఇరుగుపొరుగువారు వాడుకొనుచున్న తీరు చూపి, నగరమున మొట్టమొదటి ప్రజా స్నానశాలను కట్టింపజేసిరి. ఒక మిత్రుడు స్థలము అద్దె లేకుండ ఇచ్చెను. నగరపాలకులు 10,000 డాలర్లు ఇచ్చిరి. పేదలు స్నానశాలను వాడుకొనరని అధికారులు భయపడిరి. ఆ భయము నిరాధారమని త్వరలోనే తేలెను. మఱియొకప్పుడు, పాడుపడిన అద్దె ఇండ్ల దుస్థితిని గూర్చి హల్ హౌసువారు బహిరంగముగ చెప్పగా, వాని యజమానియగు విలియం కెంట్ అను యువకుడు వచ్చి ఆ స్థలమును వారి కప్పగించెను. ఇండ్లను పడగొట్టి 1894 ప్రాంతమున అచ్చట పిల్లలకు ఆటస్థలము చేసిరి. చికాగోలో ప్రజలకై ఏర్పడిన తొలి ఆటస్థలము అదియే. చెత్తపెట్టెలమీద ఆడుకొన్న పిల్లలలో కొందరికైనను నేలపై పరుగెత్తు భాగ్యము కలిగెను.

1902 వేసవిలో టైఫాయిడు జ్వరము నగరమును పట్టి పీడించెను. జనసంఖ్యలో పందొమ్మిదవ వార్డు నగరమున ముప్పదియారవ వంతు. చనిపోయినవారిలో మాత్రము ఆరవ వంతు ఆ వార్డువారే. ఆ వార్డులో ఒక వితంతువు కలదు. ఆమెకు సొంత యిల్లు కలదు. అది అద్దమువలె శుభ్రముగ నుండును. చుట్టును ఇటలీవారు వచ్చి చేరినను, బిడ్డల చదువు ముగియువరకు ఇల్లమ్మరాదని ఆమె అచ్చటనే యుండెను. కాని ఇరుగుపొరుగుతో పొత్తు పెట్టుకొనలేదు. మురుగు కాలువల బాగునకై ఎవరు పిలిచినను ఏ సభకును పోలేదు. తన వాకిలి తాను శుభ్రముగ నుంచుకొన్న చాలునని ఆమె నమ్మకము. తూర్పు రాష్ట్రములలో కళాశాలలో చదువుకొనుచున్న ఆమె కూతుండ్రిద్దరు సెలవులకు ఇంటికి వచ్చిరి. ఇద్దరికిని టైఫాయిడు సోకెను. ఒక కూతురు మరణించెను. ఆ తల్లి కడిగిన నేలగాని, మూసిన తలుపుగాని జ్వరమును ఆపలేదు.

హల్ హౌసు నివాసులు మఱల పుస్తకములు చేతబట్టి ఇల్లిల్లు తిరిగిరి. జ్వరము వచ్చిన ఇండ్లెవ్వి, వాని మరుగుదొడ్లు ఎట్లున్నవి, మురుగు ఎచ్చటికి పోవుచున్నది, అన్నియు వ్రాసిరి. శాసనవిరుద్ధమైన మరుగుదొడ్లు ఎన్నియో బయటపడెను. వానిని చూచి కన్నుమూసికొనిన ఇన్‌స్పెక్టర్లు అశ్రద్ధచేనైనను, యజమానుల మొగమాటముచేనైనను, అంతకంటె హీనమైన కారణముచేనైనను అట్లు చేసియుండవలెను. గొడవ పెరిగి విచారణ జరిగెను. ఆ శాఖలోని ఇరువదినలుగురిలో పదునొకండుగురు ఉద్యోగములు కోల్పోయిరి.

ఆ పరిశోధనలో పాల్గొన్న ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు, ఆ మరుగుదొడ్లపై వ్రాలిన ఈగలే రోగమును మోసికొనిపోయెనని నిరూపింప యత్నించి, ఈగలను పరీక్షించి వ్యాసము ప్రకటించెను. దానికి గొప్ప పేరు వచ్చెను. కొంతకాలమునకు ఆమెకే వేరొక సంగతి తెలిసెను. ఆ వార్డుకు నీరందించు యంత్రశాలలో ఏదియో భంగము కలిగి మురుగునీరు త్రాగునీటి గొట్టములలో కలిసెను. మూడు దినములు జనులు ఆ నీరే త్రాగిరి. అధికారులు ఈ సంగతిని దాచిపెట్టిరి. ఆమె దీనిని 1943లో తన స్వీయచరిత్రయందు దాపరికము లేకుండ వ్రాసెను. ఈగలకంటె పెద్ద నేరము నీటి గొట్టములలో దాగియుండెను. సందులు తిరిగిన స్త్రీల కండ్లు నేలక్రిందికి చూడలేకపోయెను.

జేన్ ఆడమ్సునకు 1931లో నోబెల్ శాంతి బహుమానము, మఱియొకరితో కలిపి, లభించెను. ఆమె 1935లో మరణించెను. 1961లో నగరపాలకులు హల్ హౌసు పరిసరములను విశ్వవిద్యాలయ భవనములకై ఎన్నుకొనిరి. ఆ పేటలోని గృహిణులు, ఫ్లోరెన్సు స్కాలా అను ఇటలీ సంతతి స్త్రీ నాయకత్వమున, తమ ఇండ్లు కూల్చరాదని ఊరేగింపులు జరిపిరి, న్యాయస్థానములకెక్కిరి. రెండేండ్లు పోరాడి 1963లో ఓడిపోయిరి. వీధులు, ఇండ్లు, హల్ హౌసువారి భవనములలో పెక్కు నేలమట్టమయ్యెను. 1856 నాటి ఇటుకల మేడయు, దాని ప్రక్కనున్న భోజనశాలయు మాత్రము మిగిలెను. ఆ మేడను 1967లో ప్రదర్శనశాలగ తెఱచిరి. హాల్‌స్టెడ్ వీధిన అది నేటికిని నిలిచియున్నది.